మాట వినని పడవ

జూన్ 2

అక్కకి,

చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టి చదువు. నేను పడవ కడుతున్నాను.

అప్పుడే గుండె పట్టుకోకు. నేనెక్కే పడవ కాదు, దాన్ని పిల్లి కూడా ఎక్కలేదు. మీటరు పొడుగు. మోటారు లేదు, నిజం తెరచాప పడవలాగే గాలికి పోతుంది. మనం ఒడ్డున నిలబడి రిమోట్‌తో నడపాలి. ఎడమచేతి పుల్ల తెరచాపల్ని బిగిస్తుంది, వదులుతుంది. కుడిచేతి పుల్ల చుక్కాని తిప్పుతుంది. పందొమ్మిదేళ్లుగా క్రేన్ కేబిన్‌లో కూర్చుని రెండు లివర్లతో ఇనుప కట్టలు ఎత్తి దించుతున్నవాణ్ణి, నాకు ఇదెంత అనుకున్నాను.

ఈ పురుగు నా బుర్రలోకి ఎక్కించింది పార్కు చెరువు దగ్గర పరిచయమైన పళ్ల డాక్టరు. పళ్లు పీకడం మానేశాక ఆయనకి పడవల పిచ్చి పట్టింది. ఆదివారాలు అక్కడ ఆరేడు పడవలు పోటీ పడతాయి. అవి తెల్లగా ఒరిగి పోతుంటే నోరు తెరుచుకుని చూశాను. మా ఈలాయన కూడా చూశాడు. అదే, యార్డులో కింద నిలబడి కొక్కెం తగిలించే అతను. పైన కేబిన్‌లోంచి నాకు కింద ఏముందో సగం కనపడదు, అతని ఈలే నాకు కళ్లు. ఒక ఈలకి ఎత్తాలి, రెండిటికి దించాలి, ఆపకుండా ఊదితే ఆపాలి. ఇప్పుడు భోజనం వేళ ఇద్దరం యార్డు షెడ్డులో పడవ పనిలో ఉంటున్నాం. పల్చటి చెక్క బద్దలు వంచి అతను పట్టుకుంటే నేను జిగురు రాస్తాను. డొప్ప దాదాపు అయిపోయింది. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నా వేలిముద్రలు చెరిగిపోయాయి. రాత్రికి ఇంటికి తెచ్చి హాల్లో ఆరబెడుతున్నాను. మీ మరదలు మాత్రం మీ మరదలు మాత్రం ఇల్లంతా జిగురు కంపని సణుగుతోంది. అన్నం ముందు కూర్చుని మాట మధ్యలో పడవ ఎక్కి వెళ్లిపోతున్నానట, పిలిస్తే పలకనట.

అసలు పని ఇప్పుడు చెప్తాను. తెరచాపలు నువ్వు కుట్టాలి. కొలతల బొమ్మ దీంతో పెట్టాను. గుడ్డ బల్లపరుపుగా ఉండకూడదట, కొంచెం పొట్ట ఉంటేనే గాలి పడుతుందట. నీకు ఫోన్‌లో వినపడదు కాబట్టి ఇంత రాయాల్సి వచ్చింది, లేకపోతే రెండు నిమిషాల మాట.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

గుండె పట్టుకోవద్దంటే ఎలా ఊరుకుంటుందిరా అది? ప్రపంచంలో ఇన్ని పనులుండగా నీకు నీళ్ల పక్కన నిలబడే పనే దొరికిందా? ఏడేళ్లప్పుడు నేను మెట్టు జారి నీళ్లలో పడితే నాన్న జుట్టు పట్టి లాగాడు. ఇవాళ్టికీ బకెట్ నిండుతున్న చప్పుడంటే నాకు పడదు. అదృష్టం కొద్దీ ఇప్పుడు అది సరిగా వినపడదులే. ముప్ఫై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో వంద మిషన్ల మధ్య కూర్చున్నందుకు దక్కిన లాభం అదొక్కటే.

ముందు నాకో మాట రాసి పంపు. పడవ చెరువు మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు? దాని కోసం నీళ్లలోకి దిగనని రాయి. నీకు ఈత రాదు. యాభై నిండినా నీ తెలివి నాకు తెలుసు.

తెరచాపలు కోశాను. గొడుగు గుడ్డ బరువైపోతుందని ఇంకా పల్చటిది తెప్పించాను. అది పట్టుకుంటే జారిపోతోంది, తల్లికి ఎదురు తిరిగిన పిల్లలాగా. తొమ్మిదో నంబరు సూది వేసి, అంటుకునే టేపు మీద ఒకే వరస కుట్టు వేశాను. పొట్ట కావాలన్నావుగా, ముక్కల అంచులు కాస్త వంపుగా కోసి కలిపాను. చొక్కా భుజం కుట్టడమూ ఇంతే. మీ పళ్ల డాక్టరు పెద్ద రహస్యం చెప్పినట్టు చెప్పాడు గానీ దర్జీ పని తెలిసినవాళ్లకి అదేం విద్య కాదు.

ఇంకోమాట. నీ ఉత్తరంలో గోళీకాయంత ఇంకు మరక ఉంది. రాస్తూ రాస్తూ టీకి లేచావా? నాన్న పెన్ను కాగితం మీద ఆనించి వదిలేస్తే కక్కుతుందని తెలీదూ? మరక దాటాక రాసిన మాటే మళ్లీ రాశావు, మతిమరుపు మహారాజా.

మరదలు సణుగుతోందంటే సణగనీ. ఆమాత్రం హక్కుంది ఆ పిల్లకి.

మాట రాసి పంపడం మర్చిపోకు.

అక్క


జూన్ 23

అక్కకి,

రాస్తున్నాను, చూసుకో: పడవ కోసం నీళ్లలోకి దిగను. నాన్న మీద ఒట్టు. అసలు దిగే అవసరమే రాదట. గాలి ఆగితే మళ్లీ వచ్చేదాకా కూర్చోవాలి. ఏదన్నా చెడిపోతే గాలే దాన్ని ఏదో ఒక ఒడ్డుకి నెడుతుంది, మనం చుట్టూ నడిచి వెళ్లి తెచ్చుకోవాలి. పళ్ల డాక్టరు అందరికీ నేర్పే మొదటి పాఠం ఇది. రెండోది, రిమోట్‌కీ పడవకీ స్విచ్చి వేసే వరస. మొదట చేతిలోది, తర్వాత పడవలోది. ఆపేటప్పుడు మొదట పడవలోది, తర్వాత చేతిలోది. తిరగేస్తే పడవకి చెప్పేవాడు లేక ఇష్టమొచ్చినట్టు పోతుంది.

నీ తెరచాపలు చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మీ అక్క ఎక్కడుంటారు అని అడిగాడు. అడుగున సీసం ముద్ద బిగించి, నిన్న నీళ్లలో వదిలాం. అక్కా, గాలి తగలగానే అది ఒక పక్కకి ఒరిగి లేచింది చూడు, ఈలాయన అరిచేశాడు. పడవకి పేరుండాలంటే 'అక్కగారు' అని రాయించాను. ఎవరి మాటా వినదు కాబట్టి.

నిజంగానే వినలేదు. మొదటి అరగంట బంగారంలా తిరిగింది. తర్వాత నా ముందు నుంచి వెళ్తున్నదల్లా, ఒక్కసారిగా చూస్తే అవతలి ఒడ్డున రెల్లుగడ్డిలో ఉంది. అంత దూరం ఎప్పుడు పోయిందో తెలీదు. తిప్పాను కూడా, తిరగలేదనుకుంటాను. అర నిమిషం సిగ్నల్ పోయినట్టుంది. పళ్ల డాక్టరు 'ఏమిటండీ, పిలుస్తుంటే పలకరు' అన్నాడు. గాలి హోరులో వినపడలేదన్నాను. గాలి అంతేం లేదన్నాడాయన.

కొత్త బ్యాటరీ వేస్తాను. పడవలో సిగ్నల్ అందుకునే రిసీవర్ తీగ కూడా కొంచెం పైకి లాగాలి.

నీ తమ్ముడు


జూన్ 30

ఒరేయ్,

నా పేరు పడవకి పెట్టి దాన్ని గడ్డిలో తోశావన్నమాట. బాగుంది మర్యాద.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపడం చేతకాక సిగ్నల్ పోయిందంటున్నావని మీ బావ నవ్వాడు. నేను నవ్వలేదు. నాకెందుకో చిన్న తెరచాప కుట్టు మీద అనుమానంగా ఉంది. ఒక మూల బిగువు ఎక్కువైందేమో, అది పక్కకి లాగుతోందేమో. విప్పి పంపు, చూస్తాను.

ఒట్టు వేసినందుకు రాత్రి నిద్రపోయాను. ఇప్పుడు నువ్వు చుట్టూ నడిచి వెళ్తానంటున్నావే, ఆ ఒడ్డున మెట్లున్నాయా, నాచు పట్టి ఉంటుందా? చెప్పులు వేసుకునే నడువు, జారనివి. నా భయాలు నీకు నవ్వులాటగా ఉంటాయని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను.

అక్క


జూలై 14

అక్కా,

నీ కుట్టుది తప్పేం లేదు. దేనిది తప్పో నాకు తెలీడం లేదు. బ్యాటరీ మార్చాను, రిసీవర్ మార్చాను, రిమోట్ కూడా పళ్ల డాక్టరు తనది ఇచ్చాడు. ఆయన ఇంకో ఏర్పాటు కూడా చేసిపెట్టాడు. సిగ్నల్ తెగిన క్షణంలో తెరచాపలు రెండూ వాటంతటవే పూర్తిగా వదులైపోతాయి. అప్పుడు పడవ పరిగెత్తకుండా ఉన్నచోటే తేలుతుంది. రిమోట్ ఆపి రెండుసార్లు చూశాం, చక్కగా పనిచేసింది.

నిన్న పోటీలో మళ్లీ అదే అయింది. నేను రెండో స్థానంలో ఉన్నాను. మలుపు దగ్గర తిప్పాలి. తర్వాత చూస్తే పడవ మలుపు దాటి, తెరచాపలు గట్టిగా బిగించుకుని, గీత గీసినట్టు నేరుగా వెళ్లి అవతలి రాళ్లకి గుద్దుకుంది. ముక్కు పగిలింది. అందరూ నా వంక అదోలా చూశారు. కోపం వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేశాను.

కానీ నేను ఇవాళ రాస్తున్నది పడవ గురించి కాదు. గురువారం యార్డులో ఇనుప చువ్వల కట్ట దించుతున్నాను. ఛాతీ ఎత్తులో ఆగాలి, ఆగలేదు. దిగుతూనే ఉంది. ఈలాయన పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. అతని టిఫిన్ డబ్బా కట్ట కింద పడి రేకు ముక్కలా అణిగిపోయింది. నేను పైనుంచి ఆ డబ్బాని చూశాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే.

బ్రేకు పట్టలేదని చెప్పాను. మెకానిక్ మొత్తం విప్పి చూసి బ్రేకు నిక్షేపంగా ఉందన్నాడు. బ్రేకు బాగుంటే, కిందనుంచి నన్ను ఆపమని ఎవరూ చెప్పలేదన్నమాట. ఆఫీసులో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు అతను ఈల ఆ రోజు అతను ఈల వేయలేదు. అతను వేశానంటున్నాడు. పధ్నాలుగేళ్లుగా కలిసి తిన్నాం, నా మొహం చూసి అబద్ధమాడుతున్నాడు. పని చివరి నిమిషంలో నిద్రమత్తులో ఉండి ఉంటాడు.

ఆగస్టు నాలుగు, సోమవారం విచారణ. అందాకా క్రేన్ ఆపేశారు, అతన్ని ఇంటికి పంపేశారు. ఆ రోజు నేను సంతకం పెడితే అతని ఉద్యోగం పోతుంది. అదే రోజు మధ్యాహ్నం క్రేన్ మళ్లీ ఎక్కాలి. నాకు ఆ క్రేనంటే భయం పట్టుకుందక్కా. అది ఎవర్నో ఒకర్ని మింగుతుంది.

తమ్ముడు


జూలై 19

నాన్నా,

నిన్ను ఇలా పిలిచి ఎన్నేళ్లయిందో. ఈ ఉత్తరం ఒక్కడివే కూర్చుని చదువు. కోప్పడకు. చివరిదాకా చదివాక కోప్పడు.

రెండు రోజులుగా నా చేతికి మిషన్ అందడం లేదు. నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. నాకు రేడియోలు తెలీవు. కానీ నువ్వే రాశావు, సిగ్నల్ తెగితే తెరచాపలు వదులవుతాయని. మళ్లీ నువ్వే రాశావు, పడవ తెరచాపలు గట్టిగా బిగించుకుని నేరుగా పోయిందని. వదులవ్వలేదంటే సిగ్నల్ తెగలేదు కదరా. నీ రిమోట్ చెప్తూనే ఉంది, పడవ వింటూనే ఉంది. అంటే నీ చేయి ఎలా ఉన్నదో అలాగే ఉండిపోయింది. ఆ కాసేపు నువ్వు ఎక్కడున్నావు?

నీ ఉత్తరాలన్నీ కింద పరిచాను. మొదటి దాంట్లో మరక ఉంది, నేను నవ్వాను చూడు, అది. మరక పక్కన 'మీ మరదలు మాత్రం' అని రెండుసార్లు ఉంది. మొన్నటి దాంట్లో అంతకంటే పెద్ద మరక. అక్కడా ఒకే మాట రెండుసార్లు రాశావు. అది ఏ మాటో తీసి చూసుకో. నువ్వు టీకి లేవలేదురా. పెన్ను కాగితం మీదే ఆగిపోయింది, నీ చేతిలోనే. ఇంకు పాకింది. తర్వాత నువ్వు తిరిగొచ్చి, ఎక్కడున్నావో తెలీక, మాట మళ్లీ మొదలుపెట్టావు.

మరదలు అన్నం దగ్గర పిలిస్తే పలకవు. పళ్ల డాక్టరు ఒడ్డున పిలిస్తే పలకవు. ఈలాయన ఈల వేస్తే?

ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ మీద ఒక అమ్మాయి ఉండేది. కుడుతూ కుడుతూ ఒక్కోసారి కళ్లు తెరుచుకునే ఎటో చూసేది, కుట్టు మాత్రం నేరుగా బల్ల చివరిదాకా పోయేది. పరధ్యానం అని తిట్టేవాళ్లం. ఒకరోజు సూది కింద వేలు పెట్టుకుంది. అప్పుడు గానీ ఆస్పత్రికి పంపలేదు. దానికో పేరుందన్నారు, మందుందన్నారు.

నేను తప్పయితే నన్ను నాలుగు తిట్టు, సంతోషంగా పడతాను. కానీ చూపించుకోకుండా ఆ క్రేన్ ఎక్కకు. ఆ మనిషి మీద సంతకం పెట్టకు. ఉత్తరం ఆలస్యమవుతుందేమోనని మీ బావతో ఇవాళే ఫోన్ చేయిస్తున్నాను.

అక్క


జూలై 26

అక్కకి,

బావ ఫోన్ చేశాడు. పది నిమిషాలు వాతావరణం గురించి, అయిదు నిమిషాలు మోకాళ్ల గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి 'డ్యూటీకి ముందు ఏమన్నా పుచ్చుకుంటున్నావా' అని అడిగాడు. తాగి క్రేన్ ఎక్కుతున్నానని మీ ఇంట్లో తీర్మానం అయిందన్నమాట. నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఇంకు మరకలు చూసి జాతకం చెప్పడం ఎప్పట్నుంచి నేర్చుకున్నావు? నాన్న పెన్ను నలభై ఏళ్లది, కక్కుతుంది. పడవలో ఏర్పాటు ఒకసారి పనిచేయకపోవచ్చు. నేను ఒక్క నిమిషం కూడా ఎక్కడికీ పోలేదు. పోతే నాకు తెలీదా? కింద పడతాను, నురగ కక్కుతాను, చుట్టూ జనం మూగుతారు. అదేం లేదే. నీకు చిన్నప్పట్నుంచీ భయమే. బకెట్ చూసి భయపడేదానివి, ఇప్పుడు నన్ను చూసి భయపడుతున్నావు.

మీ మరదలికి నీ ఉత్తరం చూపించలేదు. ఆమె భయం కూడా నేను మోయలేను.

సోమవారం ఆఫీసులో చెప్పాల్సింది చెప్తాను, ఎక్కాల్సింది ఎక్కుతాను.

తమ్ముడు


జూలై 29

ఒరేయ్,

దీన్ని కొరియర్‌లో పంపుతున్నాను, శుక్రవారానికి అందుతుందన్నారు.

నీ బావ పిరికితనానికి నేను క్షమాపణ చెప్తున్నాను. 'మూర్ఛేమో' అని అడగమంటే నోరు రాక తాగుడు అంటగట్టాడు. భోజనం పెట్టేటప్పుడు నా తిట్లు కూడా వడ్డించాను.

పోతే నాకు తెలీదా అన్నావు. నాకు ఒక ఫోన్ మోగిందని ఎలా తెలుస్తుందో చెప్పు. మోగనట్టే ఉంటుంది నాకు. మీ బావ పరిగెత్తుకొచ్చి తీస్తే, ఓహో మోగింది కాబోలు అనుకుంటాను. వినపడనివాడికి వినపడలేదని ఇంకొకళ్లు చెప్పాలిరా. ఎన్నేళ్లుగా నేను ఇలాగే బతుకుతున్నాను, ఇందులో నీకంటే పెద్దదాన్ని.

వాదించను. ఒకే ఒక్క పని చెయ్యి. ఆదివారం పడవ తీసుకుని చెరువు దగ్గరికి వెళ్లు. ఈలాయన ఇంటికి వెళ్లి, కాళ్లు పట్టుకుంటావో ఏం చేస్తావో, అతన్ని నీ పక్కన నిలబెట్టుకో. పడవ దారి తప్పితే ఈల వేయమను. నీకు వినపడితే నేను పిచ్చిదాన్ని, సోమవారం నీ ఇష్టం. నీ అంతట నువ్వు తేల్చుకోవాల్సింది ఇదే, నన్ను అడగకు, బావని అడగకు.

తమ్ముడూ, చిన్నప్పట్నుంచీ నాకు నీళ్లంటే భయమన్నావు, నిజమే. కానీ అప్పుడు నేను మునుగుతున్నానని నాన్నకి చెప్పింది నువ్వు. మూడేళ్లు కూడా లేవు, మాటలు రాక వేలు చూపించావట. ఇప్పుడు నేను వేలు చూపిస్తున్నాను.

అక్క


ఆగస్టు 18

అక్కా,

మీ మరదలు బావకి ఫోన్‌లో చెప్పింది కదా, నేను క్రేన్ దిగిపోయానని. మిగతాది నేనే రాస్తానన్నాను. ఇన్నాళ్లూ చేయి రాలేదు.

ఆదివారం ఈలాయన గుమ్మం ముందు నిలబడ్డాను. అతను తలుపు తీసి లోపలికి రమ్మనలేదు. నీ రెండు ఉత్తరాలూ అతని చేతిలో పెట్టాను. చదవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత లోపలికెళ్లి ఈల తెచ్చుకుని జేబులో వేసుకున్నాడు. చెప్పులు వేసుకుని నాతో నడిచాడు.

గాలి బాగుంది. ముక్కు అతికించిన 'అక్కగారు' ఎప్పటికంటే బాగా నడిచింది. మొదట చేతిలోది, తర్వాత పడవలోది, వరస తప్పలేదు. గంట గడిచింది, ఏం కాలేదు. లోపల నీ మీద గెలిచినట్టు సంతోషం. నీకు ఏం రాయాలో మాటలు కూడా కూర్చుకుంటున్నాను. పడవ నా ఎదురుగా కుడివైపు వెళ్తోంది. దాన్ని తిప్పుదామనుకున్నాను.

చూస్తే పడవ అవతలి ఒడ్డున ఉంది. ఈలాయన నా ముందు, మొహానికి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నాడు, ఈల నోట్లోనే ఉంది. 'ఏం, వేయలేదేం?' అన్నాను. అప్పుడు చుట్టూ చూశాను. చెరువు చుట్టూ ఉన్నవాళ్లంతా మావైపే చూస్తున్నారు. పళ్ల డాక్టరు తన పడవ వదిలేసి పరిగెత్తుకొస్తున్నాడు. అవతలి ఒడ్డున ఒక తల్లి పిల్ల చెవులు మూసింది. మూడుసార్లు ఊదాడటక్కా. మూడోది నా చెవి పక్కనే. నాకు చిన్న చప్పుడు కూడా తెలీదు.

నేను అక్కడే గడ్డిలో కూలబడ్డాను. అప్పటిదాకా క్రేనంటే భయమనుకున్నాను. పందొమ్మిదేళ్లలో ఎన్ని కట్టలు, ఎంతమంది తలల మీదుగా దించానో లెక్క తెలీదు. ఇది ఎప్పట్నుంచి ఉందో తెలీదు. ఎన్నిసార్లు అతను దూకాల్సి వచ్చేదో తెలీదు. అతను నా పక్కన కూర్చుని ఈలని చొక్కాతో తుడుస్తూ, 'ఆ రోజూ ఇలాగే ఊదాను, అన్నా' అన్నాడు. అంతే అన్నాడు.

సోమవారం ఆఫీసులో ఈల వేశాడనీ, వినపడనిది నాకేననీ రాసి సంతకం పెట్టాను. కేబిన్ తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అతను మర్నాడు పనిలో చేరాడు. నన్ను స్టోర్‌లో వేస్తారో ఇంటికి పంపేస్తారో ఇంకా తేల్చలేదు.

ఆస్పత్రిలో డాక్టరు తలకి తీగలు పెట్టి చూశాడు. ఎక్కడో చిన్న మచ్చ ఉందట, పాతదే. మూర్ఛే. కింద పడి కొట్టుకోవక్కర్లేదట, ఇలా నిలబడి కూడా వస్తుందట. ఎనిమిదో తారీఖు నుంచి మాత్రలు వేసుకుంటున్నాను. బండి నడపకూడదు, ఎత్తులెక్కకూడదు, నీళ్ల దగ్గర ఒంటరిగా ఉండకూడదు. చివరిది విని నువ్వు ఆ డాక్టరుకి దండ వేస్తావని తెలుసు. ఎప్పుడెప్పుడు వస్తోందో పుస్తకంలో రాసుకోమన్నాడు. వచ్చినట్టు నాకెలా తెలుస్తుంది అని అడిగితే, మీ ఇంట్లోవాళ్లని అడగండి అన్నాడు.

మీ మరదలికి చెప్పాను. ఏడవలేదు. రోజూ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటోంది, నేను కళ్లు ఆర్పుతున్నానా లేదా అని. ఇవాళ పోస్టాఫీసుకి వెళ్లింది కాబట్టి ఒక్కడినే కూర్చుని రాస్తున్నాను. బాల్ పెన్నుతో రాద్దామనుకుని మానేసి నాన్న పెన్నే తీశాను. నువ్వు చూస్తావుగా.

నీకు రాసిన పొగరు మాటలకి చెంపలేసుకుంటున్నాను. ఇంక దిగులు పెట్టుకోకు. మందు బాగా పనిచేస్తోంది. మొదలెట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా మొదలెట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా రాలేదు. ఈ ఆదివారం పడవ మళ్లీ నీళ్లలో వేద్దామనుకుంటున్నాను, కాసేపే.

నీ తమ్ముడు


ఆగస్టు 21

నాన్నా,

నాలుగో పేజీలో మరక ఒకటుంది. కింది నుంచి ఆరో వరస. చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, తారీఖు వేసి, ఆ పేజీ దీంతో పెట్టాను. నువ్వే చూసుకో, ఏ మాట దగ్గర ఆగిందో. ఇది డాక్టరుకి చూపించు. పుస్తకంలో పద్దెనిమిదో తారీఖు అని రాయి. మాత్ర సరిపోలేదేమో, మారుస్తాడేమో, మా ఫ్యాక్టరీ అమ్మాయికి మూడుసార్లు మార్చారు. సరైనది దొరకడానికి టైం పట్టింది, కానీ దొరికింది.

ఆదివారం పడవ వేయకు. శనివారం మధ్యాహ్నం బస్సుకి నేను వస్తున్నాను, ఉత్తరం ఆలస్యమైతే మీ బావ ఫోన్ చేసి చెప్తాడు. నా దర్జీ కొట్టు తాళం మీ బావకి ఇచ్చాను. చిన్న తెరచాపకి ఇంకోటి కుట్టాను, అదీ తెస్తున్నాను.

ఆ నీళ్ల ఒడ్డున నిలబడాలంటే ఇప్పటికీ భయమే. చూపు అటు పెట్టను, నీ మొహం మీదే పెడతాను. ఈలాయన్ని కూడా రమ్మను. నాకు ఈల వినపడదు, నీకు ఒక్కోసారి వినపడదు, మన ఇద్దరి మధ్య ఒకడు నిలబడాలి. రిమోట్ పట్టుకోవడం నాకు నేర్పు. నువ్వు లేని అర నిమిషం ఎవరో ఒకరు నడపాలి కదా. వరస మాత్రం నేర్చుకున్నాను. మొదట చేతిలోది, తర్వాత పడవలోది.

బస్టాండుకి ఒక్కడివే రాకు.

అక్క